అలంపురమున వినబడిన కవుల గొంతులు

గ్రంథాలయ చరిత్ర యనగా సాధారణముగా పుస్తకముల చరిత్రయే వ్రాయుదురు. ఎన్ని గ్రంథములు కొనిరి, భవనమునకు విరాళ మెవరిచ్చిరి అను లెక్కలు ప్రతి రజతోత్సవ సంచికయందును కనబడును. కాని మన దేశమున గ్రంథము ముందుగా చెవికి చేరినది, పిమ్మట కంటికి. రామాలయపు అరుగుపై నొకరు భాగవతము చదువగా, వేరొకరు తాత్పర్యము చెప్పగా, అక్షరము రానివారును పోతన పద్యములను కంఠస్థము చేసికొనిరి. 1951 జనాభా లెక్కలనాటికి దేశమున చదువను వ్రాయను వచ్చినవారు నూటికి 18 మంది మాత్రమే. తక్కినవారికి సాహిత్యమనగా విన్నదే.

పురాణ కాలక్షేపమునకును, కవులు తమ రచనలను తామే చదివెడి సభకును ఒక భేదము కలదు. పోతన నెవరును ప్రశ్నింపజాలరు. ఎదుట నిలిచిన కవి మాత్రము జవాబు చెప్పవలసినదే. తమ ప్రాంతపు కవిని ఎదుట కూర్చుండి వినెడి భాగ్యము తెలంగాణమునకు సులభముగా లభింపలేదు. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోనే వెలసినను, నిజాము పాలనమున సభ జరుపుటకు సర్కారు అనుమతి కావలెను. ‘గస్తీ నిషాన్ 53’ అను ఉత్తరువు పేరు వినని కార్యకర్త ఆ దినములలో లేడు.

పైగా, తెలంగాణమున కవులే లేరను మాట యొకటి బయలుదేరెను. ‘గోలకొండ’ పత్రికా సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, ఊరూరి కవుల వివరములను రప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. అందు 354 మంది కవులు! ఇంతకంటె చక్కని జవాబు మన సాహిత్య చరిత్రలో మరియొకటి లేదని నా యభిప్రాయము. అయినను అది కంటికి జవాబు. చెవికి జవాబు వచ్చుటకు మరి పందొమ్మిదేండ్లు పట్టెను.

1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికోత్సవములు అలంపురమున జరిగెను. గడియారము రామకృష్ణశర్మగారు వానికి నిర్వాహకులు. నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు విచ్చేసిరి. కాలము నెంచి చూడుడు: అంతకు నాలుగు నెలల ముందు, 1952 సెప్టెంబరులో, హైదరాబాదున ముల్కీ ఆందోళనము చెలరేగెను. ఒక నెల ముందు, డిసెంబరు 15న, పొట్టి శ్రీరాములుగారు మదరాసున అసువులు బాసిరి. తెలుగువారి మనస్సులు ఒకవైపు గాయపడి, ఒకవైపు అనుమానపడి యున్న దినములవి. అలంపురము హైదరాబాదు రాష్ట్రములోనిది. తుంగభద్ర దాటిన కర్నూలు మదరాసు రాష్ట్రములోనిది. ఆ సరిహద్దు నేటిగట్టున, జోగుళాంబ సన్నిధిని, రెండు సీమల రచయితలు ఒక్క వేదికపై కూర్చుండిరి.

కాళోజీ నారాయణరావుగారి ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించినది ఆ సభలలోనే. కాళోజీ జనము పలుకు భాషలోనే కవిత్వము చెప్పినవారు. నిఘంటువుతో పనిలేక వినినంతనే తెలియునది. కవులే లేరనిపించుకొన్న గడ్డకు చెందిన కవి పుస్తకమును విశాఖపట్టణపు కవి చేతికెత్తి సభకు చూపుట చిన్న సంగతి కాదు.

ఆ యేడు ఆగస్టులో ప్రతాపరెడ్డిగారు పరమపదించిరి. అక్టోబరు 1న ఆవలి గట్టు కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యయ్యెను. 1956లో రెండు గట్లును ఒక రాష్ట్రమయ్యెను. 2014లో మరల రెండయ్యెను. అలంపురము నేడు జోగుళాంబ గద్వాల జిల్లాలోనిది.

మన గ్రంథాలయమునను సాయంకాలములందు చుట్టుప్రక్కల కవులు పద్యములు, కథలు చదివెడి వాడుక కలదు. పుస్తకము తీసికొనిపోయినవారి పేరు పద్దులోనికెక్కును. చదివిన కవి పేరును, వినిన వారి సంఖ్యయును ఎక్కడను ఎక్కవు. ప్రతాపరెడ్డిగారు 354 పేర్లను వెదకి తేవలసి వచ్చినది ఇట్టి పద్దు ఏ యూరను లేనందుననే గదా! వచ్చు సభనుండి కార్యదర్శిగారు తేది, కవి పేరు, చదివిన రచన పేరు వ్రాయించుదురుగాక. అందుకు వేరు పుస్తకము కొననక్కరలేదు. ఉన్న పద్దుపుస్తకము వెనుక ఖాళీ పుటలు చాలనే కలవు.