అభిమాన సృజన: ఓరుగల్లు ప్రాంత చరిత్ర

ఒక కథనో, పాత్రనో, నటుణ్ణో అమితంగా ఇష్టపడినవారు చూడటంతోనూ చదవడంతోనూ సరిపెట్టుకోక, ఆ ఇష్టంతో తామూ ఏదో ఒకటి తయారుచేయడాన్ని అభిమాన సృజన అంటారు. మూలంలో లేని ఘట్టాన్ని అల్లడం, పాత్రల బొమ్మలు గీయడం, నటుల గొంతును అనుకరించడం, వేషం కట్టడం, ఆ వేషానికి కావలసిన కిరీటాలనూ దుస్తులనూ ఇంట్లోనే సిద్ధం చేసుకోవడం దీని పరిధిలోకి వస్తాయి. పాశ్చాత్యులు దీని చరిత్రను చెప్పేటప్పుడు 1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశాన్ని తప్పక ప్రస్తావిస్తారు. మిర్టిల్ డగ్లస్ అనే అభిమాని స్వయంగా రూపొందించిన భవిష్యత్కాలపు దుస్తులను ఆమె, ఆమె మిత్రుడు ఫారెస్ట్ ఆకర్‌మన్ ఆ సమావేశంలో ధరించారు. ఇలాంటి వేషధారణకు కాస్‌ప్లే అనే పేరు 1980లలో జపాన్‌లో ఏర్పడింది. పేరు ఇటీవలిదే అయినా, పని మాత్రం ఓరుగల్లు ప్రాంతానికి, అంటే 2016 పునర్విభజనకు ముందున్న ఉమ్మడి వరంగల్ జిల్లాకు, చాలా పాతది. ఇక్కడ ప్రేక్షకుడు ఎన్నడూ ఊరకే కూర్చోలేదు. విన్న కథను తిరిగి పాడాడు, చూసిన వేషాన్ని తిరిగి కట్టాడు.

ఇందుకు తొలి ఆధారాలు కావ్యాల్లోనే ఉన్నాయి. పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన భక్తుల ఆటపాటలను వర్ణిస్తూ, తెర వెనుక బొమ్మలాడించి భారతాది కథలు చెప్పేవారిని ప్రస్తావించాడు. వినుకొండ వల్లభరాయుని పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామం మరింత విలువైన సాక్ష్యం. మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలే ఆ కావ్యానికి వస్తువు. గచ్చు చేసిన గద్దె పలక మీద పలనాటి వీరుల బొమ్మలు వేసి ఉండటం, వారి కథను జనం గుమిగూడి వినడం అందులో కనిపిస్తాయి. పలనాటి యుద్ధం జరిగింది ఓరుగల్లుకు దూరాన, కృష్ణకు ఆవలి ఒడ్డున. తమ రాజ్యానికి రాజులు కాని ఆ వీరులను ఒక రాజధాని నగరపు వీధి జనం బొమ్మలుగా గీసుకుని పాటలుగా పాడుకున్నారంటే, దాన్ని అభిమానం అనడమే న్యాయం.

మూలంలో లేని కథను అల్లడమూ తెలుగువారికి కొత్త కాదు. వ్యాసభారతంలో అభిమన్యుని భార్య ఉత్తర ఒక్కతే. బలరాముని కూతురు శశిరేఖ, ఆమె పెళ్లి, ఘటోత్కచుని మాయలు అన్నీ తరువాతి కథకుల కల్పనలు. ఆ శశిరేఖా పరిణయమే నాటకంగా ఊరూరా ఆడి, 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో మాయాబజార్‌గా తెరకెక్కింది. మూలం కన్నా కల్పనే జనం నోళ్లలో ఎక్కువగా నిలిచిన సందర్భాల్లో దీన్ని మించినది తెలుగులో మరొకటి లేదు.

అయితే వేషం కట్టిన ప్రతివారినీ అభిమాని అనలేం. చిందు బాగోతం ఈ ప్రాంతపు ప్రధాన ప్రదర్శన కళల్లో ఒకటి. మాదిగ కులానికి ఆశ్రితులైన చిందు కళాకారులు తమకు హక్కుగా సంక్రమించిన మిరాశీ ఊళ్లకు వెళ్లి, ఆ కులపు పుట్టుపూర్వోత్తరాలు చెప్పే జాంబపురాణాన్ని ప్రదర్శించి, ప్రతిఫలంగా త్యాగం పుచ్చుకునేవారు. ఎల్లమ్మ దేవత వేషం కట్టడం వారికి ఆరాధన, అదే సమయంలో జీవనోపాధి కూడా. పేదరికంలో, అంటరానితనంలో తరతరాలుగా ఆ విద్యను కాపాడుకున్నవారి శ్రమను ఇష్టంతో చేసే కాలక్షేపంగా లెక్కించడం సరికాదు. ఈ చరిత్రలో వారి స్థానం గురుస్థానం: వేషం ఎలా కట్టాలో, ఆభరణం ఎలా చేయాలో ఈ ప్రాంతపు ఊళ్లు చాలామటుకు వారిని చూసే నేర్చుకున్నాయి. ఆ రుణాన్ని పైకి ఒప్పుకున్న సందర్భాలు మాత్రం అరుదు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించడం ఆలస్యంగానైనా దక్కిన గౌరవం.

చిందు వారి ఆహార్యం, అంటే వేషానికి సంబంధించిన దుస్తులు, నగలు, ముఖవర్ణాల సముదాయం, దగ్గర నుంచి చూడదగినది. కిరీటాలూ భుజకీర్తులూ పొణికి కర్రతో చేస్తారు. నిర్మల్ బొమ్మలకు వాడే ఆ కర్ర మెత్తగా ఉంటుంది కనుక చిన్న ఉలితోనే చెక్కవచ్చు. తేలికగా ఉంటుంది కనుక రాత్రంతా చిందు తొక్కే మనిషి మెడ నొప్పి పుట్టకుండా మోయగలడు. చెక్కిన భాగాలకు రంగులు వేసి, మెరుగు కాగితాలు, చిన్న అద్దపు పెంకులు అతికిస్తారు. కాగడాల, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో దూరాన కూర్చున్నవారికి అది బంగారంలాగే కనిపించాలి. దగ్గరగా చూసినప్పటి నాజూకు కన్నా దూరాన మెరిసే గుణమే అక్కడ ముఖ్యం. ముఖానికి పసుపుపచ్చని అర్దళం, కంటికి కాటుక. స్త్రీలు కూడా గజ్జె కట్టి ఆడటం ఈ కళ ప్రత్యేకత. నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ పురుష పాత్రల్లోనూ పేరు తెచ్చుకుంది.

ఒకప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల నకాషీ చిత్రకారులకు పేరుమోసిన ఊరు. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆరిన తరువాత ఎర్రని నేలరంగు మీద వరుస గళ్లలో కథను గీస్తారు. ఆ పటాన్ని విప్పుకుంటూ కూనపులి వారు పద్మశాలీలకు, కాకి పడిగెల వారు ముదిరాజులకు, మందహెచ్చుల వారు గొల్లలకు వారి వారి కులపురాణాలు చెప్పేవారు. పటం పాతబడితే పారవేయక, శాస్త్రోక్తంగా నీటిలో నిమజ్జనం చేసి కొత్తది గీయించుకునేవారు. నకాషీలు కొబ్బరి చిప్ప మీద చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దను పట్టించి ముఖాల బొమ్మలు కూడా చేస్తారు.

అసలైన అభిమాన సృజన, అంటే కులవృత్తి కాకపోయినా కేవలం ఇష్టం కొద్దీ చేసిన పని, ఊరి బాగోతాల్లో కనిపిస్తుంది. చెర్విరాల బాగయ్య వంటివారు రాసిన యక్షగానాలు అచ్చయి తక్కువ ధరకు అందుబాటులోకి వచ్చాక, తెలంగాణ పల్లెల్లో రైతులు, చేతిపనుల వారు, కూలీలు మేళాలుగా ఏర్పడి, పంతులును కుదుర్చుకుని, పంట పనులు లేని నెలల్లో రాత్రిళ్లు బాగోతం నేర్చుకునేవారు. చదువురానివారు పక్కవారు చదివితే విని పద్యాలూ దరువులూ కంఠస్థం చేసేవారు. రాణి పాత్రకు ఇంట్లోని పట్టుచీర, గడ్డాలకూ జడలకూ జనపనార, కిరీటానికి అట్ట, దాని మీద బేగడ కాగితం, కత్తికి వెదురు బద్ద: ఇలా వేషానికి కావలసిన సామగ్రి చాలావరకు ఇళ్లలో నుంచే వచ్చేది. మగవారే ఆడవేషం కట్టే మేళాల్లో చీర కట్టు సరిచేసేది, నగలు అరువిచ్చేది ఇంటి ఆడవారే. రంగస్థల చరిత్రలు వారి పేర్లను నమోదు చేయలేదు. ఇది పెద్ద లోపం. మరోవైపు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలు తెలంగాణ పట్టణాల్లోనూ డేరాలు వేసి, తెరలూ దుస్తులూ యంత్రాలూ కుటుంబ సభ్యులే తయారుచేసుకోవడం ఎలాగో చూపాయి.

ఓరుగల్లు మీది అభిమానం అచ్చు పుస్తకంలోకి రావడం 19వ శతాబ్దం చివర మొదలైంది. వేదం వేంకటరాయ శాస్త్రి 1897లో వెలువరించిన ప్రతాపరుద్రీయ నాటకంలో, ఢిల్లీలో బందీ అయిన ఓరుగల్లు కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి విడిపించడానికి మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషం వేస్తాడు, రాజు పోలికలున్న చాకలి పేరిగాడు రాజవేషం కడతాడు. వేషమే కథను నడిపించే ఈ నాటకం ఔత్సాహిక నాటక సమాజాలకు ఎంతో ఇష్టమైనది కావడంలో ఆశ్చర్యం లేదు. ఇనుగుర్తికి చెందిన ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు, కాకతీయ రాణి రుద్రమదేవి కథను నవలగా రాశారు. 1922లో అదే పల్లెటూరి నుంచి తెనుగు పత్రికను నడిపారు. అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి నవల కాకతీయుల కాలపు సాహసాలను యువ పాఠకులకు చేరువ చేసింది. 2015లో గుణశేఖర్ తీసిన రుద్రమదేవి సినిమా వచ్చేనాటికి ఈ పాత్రలు పుస్తకాల్లోనూ రంగస్థలం మీదా ఒక శతాబ్దం గడిపాయి.

చదివే అలవాటుకు 1904లో హనుమకొండలో స్థాపించిన శ్రీరాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాలు పునాది వేశాయి. 1947లో మొదలైన చందమామతో పెరిగిన తరం 1960ల నుంచి యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ, తరువాత యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం, మధుబాబు షాడో నవలల వంటివాటికి అలవాటు పడింది. వారపత్రికల్లోని సీరియల్ పేజీలను జాగ్రత్తగా విడదీసి, వరుసగా పేర్చి, దారంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్టగా వేసుకుని సొంత పుస్తకం తయారుచేసుకోవడం ఆనాటి తెలుగు ఇళ్లలో మామూలు దృశ్యం. ఆ కుట్టు పుస్తకాలు ఇరుగుపొరుగు చేతులు మారుతూ నలిగిపోయేవి. అమెరికాలో 1967లో స్టార్ ట్రెక్ టీవీ ధారావాహిక అభిమానులు స్పాకనాలియా అనే సొంత పత్రికను అచ్చువేసుకున్న రోజుల్లోనే ఇక్కడి గృహిణులూ విద్యార్థినులూ ఈ పని చేస్తున్నారు. వారు కొత్త కథ రాయలేదు గానీ పుస్తకాన్ని తమ చేతులతో తయారుచేశారు.

వరంగల్ నగరం ప్రపంచానికి ఇచ్చిన అతి పెద్ద అభిమాన కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్. 1932 డిసెంబర్ 28న పుట్టిన ఆయన, చిత్తూరు నాగయ్య వంటి నటుల సినిమాలు చూసి, ఆ గొంతులను పట్టుకుని, సరదాగా మొదలైన అనుకరణను ఒక కళగా నిలబెట్టారు. ధ్వన్యనుకరణ, అంటే మిమిక్రీ, కేవలం గొంతు మార్చడం కాదు. మాట ఎక్కడ ఆగుతుంది, ఊపిరి ఎక్కడ తీసుకుంటారు, ఏ అక్షరం ముక్కులోకి పోతుంది, కోపంలో ఏ పదం విరుగుతుంది అన్నది చెవితో విడదీసి చూడగలగాలి. ఒక నటుణ్ణి అంత శ్రద్ధగా వినడం అభిమానికే సాధ్యం. ఆయన ఒక్కరే మైకు ముందు నిలబడి ఇంగ్లీషు సినిమాల ఘట్టాలను నేపథ్య సంగీతంతో, గుర్రపు డెక్కల చప్పుడుతో సహా వినిపించేవారు. 1971లో ఐక్యరాజ్యసమితి కేంద్ర కార్యాలయంలో ప్రదర్శన ఇచ్చారు, 1972లో శాసనమండలి సభ్యులయ్యారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు, 2018 జూన్ 19న మరణించారు. ఆయన పుట్టినరోజును కళాకారులు మిమిక్రీ దినంగా జరుపుకుంటారు. వేషమూ కిరీటమూ లేకుండా, గొంతు ఒక్కదానితోనే మరొకరిగా మారవచ్చునని చూపినందువల్ల, ఏ సామగ్రీ కొనలేని కుర్రవాళ్లకు కూడా ఈ దారి తెరుచుకుంది.

సినిమా అభిమాన సంఘాల గురించి పరిశోధకులు చాలానే రాశారు. చిరంజీవి అభిమానుల మీద ఎస్.వి. శ్రీనివాస్ 2009లో ప్రచురించిన అధ్యయనం వాటిలో ముఖ్యమైనది. కటౌట్లు, తోరణాలు, చేతిరాత బ్యానర్లు ఒకప్పుడు స్థానిక చిత్రకారులకు పని కల్పించాయి. ఫ్లెక్సీ ముద్రణ వచ్చాక ఆ చేతిపని దాదాపు కనుమరుగైంది.

తెలుగు కథల మీద విదేశీయుల సృజన ఇటీవలి పరిణామం. బాహుబలి రెండవ భాగం 2017 చివర జపాన్‌లో విడుదలైనప్పుడు, కేకలు వేస్తూ చూడటానికి ప్రత్యేక ప్రదర్శనలు ఏర్పాటయ్యాయి. అభిమానులు చీరలు, పాత్రల వేషాలతో వచ్చారు, బొమ్మలు గీశారు. చరిత్రలో ఎన్నడూ కలుసుకోని అల్లూరి సీతారామరాజు, కొమురం భీం కలిస్తే ఎలా ఉండేదన్న ఊహ మీద నడిచే ఆర్ఆర్ఆర్ 2022లో అక్కడ విడుదలైంది. 2024 జనవరిలో, స్త్రీలే అన్ని పాత్రలూ ధరించే తకరాజుకా నాటక సంస్థ దాన్ని భీం పాత్ర కేంద్రంగా సంగీత నాటకంగా మలచింది. స్త్రీలు వీరుల వేషం కట్టడం చిందు బాగోతం ఎరిగిన తెలుగువారికి కొత్తగా తోచే విషయం కాదు.

ఈ ప్రాంతపు పిల్లలకు వేషధారణ మొదట పరిచయమయ్యేది బడిలో, విచిత్ర వేషధారణ పోటీల్లో. కృష్ణాష్టమికి కృష్ణుడు, జాతీయ పండుగలకు అల్లూరి, రుద్రమదేవి, ఝాన్సీ లక్ష్మీబాయి. ఇంట్లో అమ్మమ్మలు కుట్టిన దుస్తుల స్థానంలో అద్దె దుకాణాల దుస్తులు రావడం వల్ల ఇక్కడ చేతిపని తగ్గింది. మరోవైపు కామిక్ కాన్ ఉత్సవాలు 2011లో ఢిల్లీలో మొదలై తరువాత హైదరాబాద్‌కు వచ్చాక, సొంతంగా వేషం తయారుచేసుకునే యువతరం మళ్లీ కనిపిస్తోంది. వారు ఫోమ్ షీటును కాగితపు నమూనా ప్రకారం కోసి, వేడిగాలి తుపాకీతో వెచ్చబెట్టి వంపు తెచ్చి, జిగురుతో అతికించి, పైన పూత వేసి లోహపు రంగు దిద్దుతారు. తేలికైన పదార్థాన్ని బరువైన లోహంగా భ్రమింపజేయడం, రోజంతా మోయగలిగేలా చేయడం, దూరం నుంచి మెరిపించడం అనే మూడు సమస్యలూ పొణికి కర్రతో పనిచేసిన చిందు కళాకారులు పరిష్కరించినవే. ఆ యువకులు కట్టే పాత్రలు ఎక్కువగా జపాన్ యానిమే నుంచి, అమెరికన్ కామిక్స్ నుంచి వస్తున్నాయి. అయినా హైదరాబాద్‌కు కొన్ని గంటల దూరంలోనే, జనగామ పల్లెల్లో, కిరీటాలు చెక్కడం తెలిసినవారు ఇంకా ఉన్నారు.