పాత లోహపు బొమ్మలు, పులి–మేక పిక్కలు ఇంట్లో ఉన్నాయా? వాటిలో సీసం సంగతి తెలుసుకోండి!

మైదుకూరు: నాలుగు రోడ్ల సెంటర్‌లో దొరకని వస్తువైనా ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తోంది. బొటనవేలంత ఉండే లోహపు సైనికులు, గుర్రాలు, డ్రాగన్లు కూడా అలాగే వస్తున్నాయి. వీటిని గేమింగ్ మినియేచర్లు అంటారు. బల్ల మీద సేనలను పేర్చి ఆడే యుద్ధం ఆట ఇది. మన పులి–మేకకు దూరపు చుట్టం అనుకోండి. పేరున్న కంపెనీల కొత్త బొమ్మల్లో ఎక్కువ భాగం ప్లాస్టిక్, రెసిన్‌వే. చూసుకోవాల్సింది పాతవాటిని, ఎవరు చేశారో తెలియని చౌక సరుకును.

సీసమే ఎందుకు వాడారంటే..

సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. సరైన పాళ్లలో తగరం కలిపితే 183 డిగ్రీలు చాలు. అచ్చులో పోస్తే బొమ్మ మీసం, కత్తి పిడి కూడా స్పష్టంగా వస్తాయి. పైగా ధర తక్కువ. బ్రిటన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ 1893లోనే లోపల డొల్లగా ఉండే సీసపు సైనికులను పోత పోయడం మొదలుపెట్టింది. అక్కడ ఆ బొమ్మల తయారీ 1966లో ఆగింది. గేమింగ్ బొమ్మల్లో మాత్రం 1990ల మొదటి వరకు సీసం–తగరం మిశ్రమమే ఎక్కువ. అమెరికాలోని రాల్ పార్థా కంపెనీ 1993లో సీసం లేని మిశ్రమానికి మారింది. ఆ తర్వాత మరికొన్ని పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. చారిత్రక యుద్ధాల బొమ్మలు చేసే కొన్ని చిన్న సంస్థలు ఇప్పటికీ సీసం కలుపుతున్నాయి. ‘పెద్దలు దాచుకోవడానికే, ఆటవస్తువు కాదు’ అని డబ్బా మీద రాసి అమ్ముతాయి. ఇంట్లో రెండేళ్ల పిల్లాడికి ఆ రాత ఏం తెలుస్తుంది?

ఒక్క లాకెట్.. ఒక ప్రాణం

ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. 2006లో అమెరికాలోని మిన్నెసోటాలో నాలుగేళ్ల పిల్లాడు బూట్లతో ఉచితంగా వచ్చిన గుండె ఆకారపు చిన్న లోహపు లాకెట్‌ను మింగేశాడు. వాంతులు అవుతుంటే మొదట మామూలు జబ్బే అనుకున్నారు. ఆ తర్వాత చూస్తే రక్తంలో సీసం డెసిలీటరుకు 180 మైక్రోగ్రాములు ఉంది. పిల్లాడు బతకలేదు. పరీక్షలో ఆ లాకెట్ 99 శాతం సీసమేనని తేలింది. రీబాక్ కంపెనీ అలాంటివి 3 లక్షలు వెనక్కి రప్పించింది.

పట్టుకుంటే ప్రమాదమా?

గట్టి సీసం చర్మం గుండా ఒంట్లోకి పెద్దగా వెళ్లదు. ముట్టుకున్న చెయ్యి నోట్లోకి వెళ్తేనే అసలు ఇబ్బంది. బొమ్మను ఆకురాయితో రుద్దినా, గరుకు కాగితంతో గీకినా లేచే పొడి ఇంకా ప్రమాదం. చెక్క బీరువాలో ఏళ్ల తరబడి ఉన్న సీసపు బొమ్మల మీద తెల్లటి బూజులాంటి పొడి పేరుకుంటుంది. అది బూజు కాదు, చెక్క నుంచి వచ్చే ఆమ్ల ఆవిరికి సీసం తిని పుట్టే విషపు పొడి. దాన్ని ఊదొద్దు, చీపురుతో ఊడ్చొద్దు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి. పాత బ్యాటరీ సీసం తెచ్చి వంట పొయ్యి మీద కరిగించి బొమ్మలు పోసుకోవడం మాత్రం అస్సలు చేయకూడదు.

ఇత్తడి పిక్కల విషయమూ చెప్పుకోవాలి. లేత్ మీద సులువుగా తెగడానికి కొన్ని రకాల ఇత్తడిలో 3 శాతం దాకా సీసం కలుపుతారు. ఇత్తడి పులి–మేక పిక్కలతో పెద్దవాళ్లు ఆడుకుని చేతులు కడుక్కుంటే సరిపోతుంది. చప్పరించే వయసు పిల్లలకు ఇవ్వొద్దు.

ఇంట్లో ఒక అంచనాకు ఇలా చూడొచ్చు. బొమ్మ సైజుకు మించి బరువుందా? రంగు లేని చోట తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్‌లా బూడిద గీత పడుతోందా? గోటితో నొక్కితే గీటు పడుతోందా? అయితే అనుమానించాల్సిందే. కచ్చితంగా తేలేది మాత్రం ల్యాబ్‌లోనే.

మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఏటికొప్పాక, కొండపల్లి లాంటి జీఐ గుర్తింపు ఉన్న బొమ్మలకు ఇందులో మినహాయింపు ఉంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన అమల్లో ఉంది.

పసుపు పండే మైదుకూరు ప్రాంతానికి సీసం మరో రకంగానూ సంబంధమున్న మాటే. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే మోసం బంగ్లాదేశ్‌లో 2019లో బయటపడింది. దాడులు, జరిమానాలతో రెండేళ్లలోనే అక్కడి మార్కెట్లలో ఆ కల్తీ కనిపించకుండా పోయింది.

పిల్లల ఒంట్లో ఇంత వరకు సీసం ఉంటే ఫర్వాలేదు అనే అంకె ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 27 కోట్ల మందికి పైగా పిల్లల రక్తంలో అది 5 మైక్రోగ్రాములు దాటి ఉంటుందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు అంచనా వేశాయి. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చదువులో వెనకబడటం లాంటివే లక్షణాలు కాబట్టి చాలామంది ఇళ్లలో వేరే కారణం అనుకుంటారు. ఐరన్ తక్కువున్న పిల్లల ఒంటికి సీసం ఇంకా ఎక్కువగా పడుతుంది. మామూలు రక్తపరీక్షలో ఇది బయటపడదు. డాక్టర్‌కు బొమ్మ సంగతి చెప్పి ‘బ్లడ్ లెడ్’ టెస్టు విడిగా రాయించుకోవాలి. లోహపు ముక్క ఏదైనా మింగాడని అనుమానం వస్తే మాత్రం అరటిపండు పెట్టి చూద్దామని ఆగకుండా, ఆ రోజే ఎక్స్‌రే తీయించాలి.