పదాలు మార్చినంత మాత్రాన సొంత రచన కాదు

విద్యార్థుల పరిశోధన రచనల్లో గ్రంథచౌర్యాన్ని అరికట్టేందుకు యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో ఇతర రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే, గరిష్ఠంగా ఆరు నెలల గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 శాతం వరకైతే ఏడాది పాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆధారం చూపిన ఉటంకింపులు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట ఈ లెక్కలోకి రావు.

దీంతో చాలామంది దృష్టి శాతం తగ్గించడంపైనే పడుతోంది. 'వర్షాభావం వల్ల రైతు వలస పోయాడు' అన్న వాక్యాన్ని 'వానలు లేక సేద్యగాడు ఊరు విడిచాడు' అని మార్చితే సాఫ్ట్‌వేర్‌కు దొరకకపోవచ్చు. కానీ ఆ నిర్ధారణ చేసింది మొదటి రచయితే. ఆయన పేరు చెప్పకపోతే అది చౌర్యమే. ఇంగ్లిష్ పుస్తకంలోని వాదనను తెలుగులోకి తెచ్చుకున్నా ఇదే సూత్రం వర్తిస్తుంది.

సరైన పద్ధతి తేలికే. మూలాన్ని చదివి, పుస్తకం మూసి, అర్థమైనది సొంత వాక్యాల్లో రాయాలి. తర్వాత మూలంతో సరిచూసి, రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం, పేజీ సంఖ్య ఇవ్వాలి. యథాతథంగా తీసుకున్న మాటలను ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంచాలి. ఆధారం చూపితే రచనకు విలువ తగ్గదు. పరిశోధకుడు సొంతంగా చెప్పిందేమిటో అప్పుడే పాఠకుడికి తెలుస్తుంది.