గట్టున విడిచిన చెప్పులు

శీతకాలమున సరస్సులు గడ్డకట్టు దేశములందు, ఆ మంచుపలకకు రంధ్రము దొలిచి, దాని చెంత గంటల తరబడి కదలక కూర్చుండి చేపలు పట్టువారికి మొదటి విచారము గాలమును గూర్చినది కాదు, పాదరక్షను గూర్చినది. ఇన్యూట్ జాతివారు సీలు చర్మముతో కుట్టుకొను కామిక్ జోళ్ళును, స్కాండినేవియా ఉత్తరభాగమందలి సామీలు రెయిన్‌డీరు తోలుతో చేసి మేజోళ్ళకు మాఱుగా లోన ఎండుగడ్డి కూరుకొను జోళ్ళును ఈ విచారమునుండి పుట్టినవే. హుజూర్‌నగరు ప్రాంతపు చెఱువుగట్టుమీద నిలిచి చూచువానికి ఇదియంతయు వింతగా దోచును. ఇచ్చటి బెస్తవాడు గాని ముదిరాజు గాని వల భుజమున వేసికొని వచ్చి, నీట దిగుటకు ముందు చేయు పని చెప్పులు విడిచి గట్టున నుంచుట. కాలు పిక్కవఱకు దిగబడు బురదలో జోడు శత్రువు. నేలను పట్టుకొనవలసినవి కాలివ్రేళ్ళే. పుష్యమాసపు తెల్లవారుజామున చలి కొఱికినచో దానికి మందు కురుమలు నేసిన గొంగడి. చలికి గాను పాదమును కప్పుకొనవలెనను తలంపు ఈ సీమవానికి కలుగలేదు.

అంతమాత్రమున ఇచ్చటి మత్స్యజీవనమునకును తోలునకును సంబంధము లేదనుకొనరాదు. మంచుదేశపు జాలరి తోలును కాళ్ళకు తొడుగుకొనగా, కృష్ణాతీరపు జాలరి ఆ తోలునే యెక్కి కూర్చుండెను. మట్టపల్లి, వాడపల్లి మొదలగు రేవులు గల ఈ నదీతీరమున వాడుకలోనున్న పుట్టి యనునది వెదురుతో నల్లిన పెద్ద గుండ్రని బుట్ట. పూర్వము దానికి వెలుపల పశుచర్మము బిగించి కుట్టెడివారు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసువాడగు పేయిస్ తుంగభద్రపై ఇట్టి తోలుబుట్టలను చూచి, అవి పదునైదు ఇరువదిమంది మనుష్యులను మోయుననియు, తిన్నగా పోనేరక తిరుగుచునే సాగుననియు వ్రాసియున్నాడు. పదునేడవ శతాబ్దిలో గోల్కొండ రాజ్యమున సంచరించిన ఫ్రెంచి రత్నవణిజుడు తావెర్నియే సయితము ఎద్దుతోలు కప్పిన బుట్టలలో నదిని దాటిన ముచ్చటను మఱువలేదు. పరదేశీయులకు అది వినోదము. మనవానికి అది ప్రతిదినము రేవునుండి పైకెత్తి, బోర్లించి, ఎండనిచ్చి కాపాడుకొనవలసిన జీవనాధారము. ఆరనిచో తోలు క్రుళ్ళును.

పుట్టికి కప్పినను, బావినుండి నీరు తోడు మోటబొక్కెనకు తొండముగా కుట్టినను, డప్పునకు మూసినను, కాలికి చెప్పుగా మలచినను ఆ తోలంతయు ఊరి యంచున మాదిగవాడలోని తోలు ఊరవేయు లందనుండి వచ్చినదే. పచ్చితోలును సున్నపునీట నానవేసి, రోమములు గీకి, తంగేడుచెక్క ఊరిన రసములో దినముల తరబడి నుంచి, పిదప తిత్తివలె కుట్టి కొమ్మకు వ్రేలాడదీసి, అందు మఱల ఆ రసమునే పోసి, అది బొట్టుబొట్టుగా కాఱుచుండ తోలు పదునెక్కువఱకు వేచియుండుట ఎంతటి శాస్త్రమో, ఆ వాసనకు ముక్కు మూసికొని పోయినవారికి తెలియదు. తంగేడుపూవును బతుకమ్మలో పేర్చి పూజించిన ఊరే, ఆ చెట్టు చెక్కతో పనిచేయు చేతులను తాకరానివిగా నెంచినది.

ఆ చేతులలోని ఆరెయు రంపెయు చేసిన వస్తువులలో పేరుపొందినవి కిఱ్ఱు చెప్పులు. పాదమును తోలుపై నిలిపి గీత గీసి, దున్నపోతు తోలుతో మందముగా అట్ట కోసి, బొటనవ్రేలికి ఉంగటము తీసి, పైన వారులు బిగించి, ఆముదము పట్టించి ఇచ్చెడివారు. తుమ్మముల్లు దిగని అట్టయే మంచి అట్ట. అడుగడుగునకు కిఱ్ఱుమని మ్రోగు జోడు ధరించినవాని దర్జాను వీథి చివఱనుండియే తెలుపుచుండెను. చెప్పుల యెన్నిక మాత్రము ఇష్టమును బట్టియే సాగలేదు. నిజాము పాలనలో నల్లగొండ జిల్లా గ్రామములందు గడీ యనబడు దేశముఖుల యింటికి చెప్పులును, వ్యవసాయమునకు వలయు తోలుసామగ్రియు వెట్టిగా నిచ్చుట మాదిగవారి విధిగా నుండెను. రైతులవలన కళ్ళమున మేరగా కొంత ధాన్యము ముట్టెడిది గాని, గడీనుండి అదియును లేదు. పైపెచ్చు గడీముందు నడచునపుడు తాను కుట్టిన చెప్పులనే తాను చేతబట్టుకొని పోవలసిన దుఃస్థితి. పాదరక్షను మంచుదేశమున చలి యెంచగా, ఇచ్చట గడీ యెంచినది. 1944లో భువనగిరి యందు రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ పిదప వెట్టిపై తిరుగుబాటు గ్రామములకు ప్రాకి, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకూలినది మొదలు సాయుధపోరాటముగా మాఱినది. ఆ పోరాటమును భూమి లెక్కలతో కొలుచుట వాడుక. చెప్పు కాలినుండి చేతికి దిగకుండుటయు దాని ఫలములలో నొకటియని నా యభిప్రాయము.

1949లో సురవరము ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, రాజుల యుద్ధములే గాక ప్రజల తిండియు బట్టయు చరిత్రయే యని నిరూపించిరి. ఆ దారిలో చెప్పు చరిత్రకును చోటున్నది.

ఆ చరిత్ర చివఱిభాగమును నీరు వ్రాసినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ క్రింద హుజూర్‌నగరు పొలములు మాగాణియైనవి. మిగిలిన బావులకు కరెంటు మోటార్లు వచ్చినవి. మోట నిలిచిపోగా తొండము కుట్టువానికి పని పోయినది, లందలు పూడిపోయినవి, పచ్చితోలు బజారు దారి పట్టినది. పుట్టికి తోలు బదులు తారు పూసిన ప్లాస్టిక్ పట్టా వచ్చినది. చిన్న చెఱువులలో థర్మాకోలు తెప్పలే చాలుచున్నవి.

జాలరి మాత్రము నేటికిని గట్టున చెప్పులు విడిచియే నీట దిగుచున్నాడు. అవి రబ్బరు చెప్పులు, చప్పుడు చేయవు.