వాము తైలము – కోళ్లమేత : ఒక చారిత్రక పరిశీలనము

కెంపేగౌడ 1537 ప్రాంతమున నిర్మించిన బెంగళూరులో పేటలు వృత్తులనుబట్టి వెలసెను. బియ్యమునకు అక్కిపేట, కుమ్మరులకు కుంబారపేట, వర్తకులగు నగర్తులకు నగర్తపేట. ధర్మరాయస్వామి ఆలయముగల ఈ పేటయందేమి, ఆంధ్రదేశమందేమి, తెలుగువారి యిండ్లలో కడుపునొప్పికి తొలిమందు వామునీరు. ఆ వామునకును, నేటి కోళ్లపరిశ్రమ నెదుర్కొనుచున్న యొక చిక్కునకును సంబంధము కలదు.

వాముగింజలనుండి బట్టీపట్టి తీయు సుగంధతైలములో ఇంచుమించు సగమువరకు థైమాలు అను ద్రవ్య ముండును. 1914కు పూర్వము మనదేశపు వాము ఓడలకెక్కి జర్మనీకి పోయెడిది. థైమాలు అచ్చట తీయబడెడిది. మైసూరు గంధపుచెక్కకును అదే గతి. మొదటి ప్రపంచయుద్ధముతో ఆ మార్గము మూసికొనిపోయెను. అంతట ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌నందలి సడ్‌బరో, వాట్సన్ అను ఆచార్యుల ప్రయోగముల నాధారము చేసికొని, మైసూరు ప్రభుత్వము 1916లో బెంగళూరునందు గంధపునూనె తీయ నారంభించెను. సుగంధతైలవిద్య ఈ నగరమున నాటుకొనిన దిట్లు.

ఇక కోళ్ల విషయము. 1950 నాటికి అమెరికాలో స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ అను పరిశోధకులు, ఆరియోమైసిన్ మందు తయారీలో మిగిలిన పదార్థమును మేతలో కలిపినచో కోడిపిల్లలు త్వరగా పెరుగునని కనుగొనిరి. స్వల్పమాత్రలో మందు కలుపు ఆచారము లోకమంతట వ్యాపించెను. 1971లో హైదరాబాదున బండా వాసుదేవరావుగారు స్థాపించిన వేంకటేశ్వర హేచరీస్ తెలుగునాట కోళ్లపరిశ్రమకు గొప్ప ఊతమిచ్చెను. బ్రాయిలరు ఆరువారములలో రెండు కిలోల తూకమునకు రావలెను. నడుమ ప్రేగులు చెడినచో రైతు పెట్టుబడి మునిగిపోవును. మందుపై మక్కువకు కారణ మిదియే.

కాని చిన్నమోతాదుకు చావక మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందునే ధిక్కరింపగలవి యగును. అవి మానవులకును సోకును. 1969లో బ్రిటనునందు స్వాన్ సంఘము ఈ ప్రమాదమును హెచ్చరించెను. పెరుగుదలకై మందులు వాడుటను స్వీడన్ 1986లోను, ఐరోపాసమాఖ్య 2006 జనవరి 1 నుండియు నిషేధించెను. మనుష్యులకు కడపటి ఆధారమగు కొలిస్టిన్ మందును ఆహారమునకై పెంచు పశుపక్ష్యాదులకు వాడరాదని భారతప్రభుత్వము 2019లో శాసించెను.

ఆ ఖాళీని పూరించుటకే సుగంధతైలములవైపు దృష్టి మరలెను. వాములోని థైమాలు, లవంగములోని యూజినాలు, దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్ సూక్ష్మజీవుల పైపొరను ఛేదించును. జీర్ణరసముల స్రావమును పెంచునని కూడ కొన్ని పరిశోధనలు తెలుపుచున్నవి.

అయినను పరీక్షనాళికలో గెలిచిన తైలము కోళ్లశాలలో గెలువవలెనను నియమము లేదు. మేతను గుళికలుగా చేయునపుడు వేడికి కొంత ఆవిరియగును. మిగిలినదానిలో అధికభాగము ప్రేగు మొదటిభాగముననే ఇంకిపోవును; రోగకారకములు క్రిందిభాగమున నుండును. అందుచే తైలబిందువులకు కొవ్వుపూత వేసి పంపుచున్నారు. పంట, నేల, ఋతువులనుబట్టి తైలపు గుణము మారును గనుక ఫలితములు ఒకచోట నున్నట్లు వేరొకచోట నుండవు. పరిశుభ్రమైన నీరు, తడిలేని వరిపొట్టు, సకాలమున టీకాలు ఉన్నచోటనే ఇవి అక్కఱకు వచ్చును. వానికి బదులుగా నిలువజాలవు.

నాడు గింజను విదేశముల కమ్మి, దాని సారమును పరులు తీయగా చూచితిమి. నగర్తపేటకు కొలదిమైళ్ల దూరమున, ఆడుగోడిలో 1995లో స్థాపితమైన జాతీయ పశుపోషణ, శరీరధర్మశాస్త్ర సంస్థ వంటివి నేడు మనకు కలవు. వామునీటిపై గల అనాదివిశ్వాసమును తూకమునకు, లెక్కకు నిలిపి చూచుట ఇట్టి సంస్థలకు తగిన పని. ఆ పరీక్షకు నిలిచినంతమేరకే రైతునకు లాభము, రోగికి మందు మిగులును.