చూపులేని ఇంజనీరు, నా పాత కారు

సూర్ నుంచి మస్కట్‌కు కోస్తా రోడ్డు మీద దాదాపు 200 కిలోమీటర్లు. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతే నేను క్రూయిజ్ కంట్రోల్ వేసి కాలు తీసేస్తాను. మొన్నామధ్య ఒక ఎత్తు ఎక్కుతుండగా కారు నీరసించింది. బానెట్ ఎత్తి చూస్తే సన్నని రబ్బరు గొట్టం ఎండకు పగిలి ఉంది. ఆ గొట్టం ఎందుకో ఆరా తీయబోతే ఒక మనిషి కథ దొరికింది.

రాల్ఫ్ టీటర్ 1890లో అమెరికాలో పుట్టాడు. అయిదో ఏట కత్తి మొన తగిలి ఒక కన్ను పోయింది. కొంతకాలానికే రెండోదీ పోయింది. (దెబ్బతిన్న కంటి మూలంగా బాగున్న కన్నూ చెడటం వైద్యులకు తెలిసిన ఉపద్రవమే.) అయినా 1912లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు.

కారు తోలేవాడి తీరు పక్కనున్నవాడికే బాగా తెలుస్తుంది, చూపు లేనివాడికి మరీను! టీటర్‌గారి లాయరు మాట్లాడుతూ కారు నెమ్మదించేవాడట, వింటూ వేగం పెంచేవాడట. ఆ కుదుపులకు విసిగి కనిపెట్టిన యంత్రానికి 1950లో పేటెంటు వచ్చింది. 1958లో క్రిస్లర్ కంపెనీ దాన్ని ‘ఆటో పైలట్’ అని అమ్మింది. తరువాత వాక్యూమ్‌తో నడిచే రకం వ్యాపించింది. కొత్త కార్లలో ఆ పని ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ది. నా కారులో ఇంకా గాలిదే.

ఇంజను గాలి పీల్చేటప్పుడు మానిఫోల్డులో పీడనం తగ్గుతుంది. ఆ లాగుడు గొట్టం గుండా ఒక రబ్బరు డయాఫ్రానికి చేరుతుంది. డయాఫ్రానికి కట్టిన తీగ థ్రాటిల్‌ను తెరుస్తుంది. వేగం తగ్గితే కవాటం లాగుడు పెంచుతుంది, పెరిగితే బయటి గాలిని లోపలికి వదులుతుంది. రక్తపోటు పడిపోతే గుండె వేగం పెంచే ఏర్పాటు మన ఒంట్లో ఉంది గదా, అదే తంతు. చిక్కల్లా ఎత్తులోనే. థ్రాటిల్ తెరుచుకున్నకొద్దీ మానిఫోల్డులో లాగుడు సన్నగిల్లుతుంది. అవసరానికే బలం ఉండదు! గొట్టం కూడా కారితే చెప్పేదేముంది?

నాకు నచ్చింది బ్రేకు సంగతి. పెడలు తొక్కగానే ఒక స్విచ్చి కరెంటును ఆపుతుంది. స్విచ్చి చెడినా, పెడలు దగ్గరి మరో కవాటం డయాఫ్రంలోకి గాలి వదిలి పట్టు విడిపిస్తుంది. ఒంటెను గుద్దిన కార్లలోంచి వచ్చినవారి మెడ ఎముకల ఎక్స్‌రేలు చూసినవాణ్ణి, ఆ రెండో కవాటం విలువ నాకు తెలుసు.

గొట్టం మార్పించాను. పొద్దుగూకితే మాత్రం ఆ మీట ముట్టుకోను.