పోలవరం మన్యం: నేల, జనం, రాతలు

జంగారెడ్డిగూడెం నుండి ఉత్తరంగా బుట్టాయగూడెం దాటితే మెట్టపొలాలు తరిగిపోయి అడవి మొదలవుతుంది. ఆ కొండల వరుస గోదావరిని ఇరుకున పెట్టిన చోటును పాపికొండలు అంటారు. ఈ ప్రాంతానికి రూఢియైన ‘ఏజెన్సీ’ అన్న పేరు స్థానికమైనది కాదు. కలెక్టరు గవర్నరుకు ఏజెంటుగా పాలించిన పద్ధతి నుండి వచ్చింది. జనం పలికే మాట మన్యం.

ఇక్కడి ప్రధాన జాతులు కోయలు, కొండరెడ్లు. కోయభాష గోండీకి దగ్గరిది. కొండరెడ్ల మాతృభాష తెలుగే. గిరిజనులనగానే తెలుగేతరులని భావించే అలవాటును కొండరెడ్లే ప్రశ్నిస్తున్నారు. పోడు వ్యవసాయం, వెదురు, జీలుగు చెట్టు వీరి జీవనాధారాలు. హైమన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథం వీరిపై తొలి సమగ్ర అధ్యయనం. అయితే ఆయన దృష్టి ప్రధానంగా నిజాం రాజ్యపు ఒడ్డు మీద, కలప వ్యాపారుల కింద నలిగిన రెడ్ల మీద నిలిచింది. బ్రిటిషు ఒడ్డు కథను పాలకుల కాగితాలలో వెదకవలసి వస్తుంది.

ఆ కాగితాలలో కొండరెడ్లు ఎక్కువగా తిరుగుబాటుదారులుగానే కనిపిస్తారు. కొరుటూరుకు చెందిన కారుకొండ సుబ్బారెడ్డి 1858లో తిరుగుబాటుకు నాయకత్వం వహించి, ఆ ఏడే బుట్టాయగూడెంలో ఉరితీయబడ్డాడు. అతని దేహాన్ని పంజరంలో వేలాడదీశారని, అది ‘సుబ్బారెడ్డి సంచి’గా పేరుపడిందని జనశ్రుతి. నేరస్థుని పేరును అధికారులు భద్రపరచారు. అతని ఊరు ఏ పంటతో బతికిందో, పోడు కొండలకు ఏ పేర్లు పెట్టుకుందో నమోదు చేయవలసిన అవసరం వారికి కలగలేదు.

తరువాతి పోరు భూమిపై. 1917 చట్టం గిరిజనుల భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరుల పరం కాకుండా కట్టడి చేసింది. 1959 నాటి 1వ రెగ్యులేషన్‌ను సవరించిన 1970 నాటి 1వ రెగ్యులేషన్ మరింత ముందుకు వెళ్లి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుల మధ్య బదిలీలను సైతం నిషేధించింది. గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనుని నుండి వచ్చినదేనని, కాదని రుజువయ్యేదాకా, భావించాలన్నది. రుజువు భారాన్ని ఇలా తిప్పడమే దానిలోని అసలు మార్పు. చట్టం ఉన్నా బుట్టాయగూడెం, జీలుగుమిల్లి మండలాలలో భూవివాదాలు ఆగలేదు.

ఇప్పుడు సుబ్బారెడ్డి ఊరు కొరుటూరు పోలవరం ముంపు గ్రామాలలో ఒకటి. ఉరి సంవత్సరం దస్త్రాలలో నిలిచే ఉంటుంది. వాగుల పేర్లు, పోడు చెలకల హద్దులు, పాత గూడేల జాడలు మాత్రం పునరావాస కాలనీలకు తరలిన వృద్ధుల నోట మిగిలాయి. వాటిని వారున్న కాలంలోనే, వారి మాటలలోనే, పటంతో సహా సేకరించడం ఈ ప్రాంత చరిత్రకారుల ముందున్న తక్షణ కార్యం.